బే ప్రశాంతంగానే ఉంటుంది... మధ్యాహ్నం దాకా!

కయాకింగ్ అంటే మనలో చాలామందికి బీచ్‌లో అరగంట సరదా. టికెట్ కొన్నామా, నాలుగు తెడ్లు వేశామా, రీల్ తీశామా, అయిపోయింది. అదే కయాక్‌లో టెంటు, తిండి, నీళ్లు సర్దుకుని అవతలి ఒడ్డుకి వెళ్లి, రాత్రి ఇసుకలో పడుకుని, మర్నాడు తిరిగి రావడం వేరే లెక్క.

ఈ రెండు రోజుల ట్రిప్‌కి అమెరికాలో బాగా పేరున్న చోటు టొమాలెస్ బే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరంగా కారులో గంటన్నర ప్రయాణం. ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు ఉండే మన కుర్రాళ్లకి వీకెండ్‌లో అందే దూరమే. అక్కడ చదువుకోడానికో, ఉద్యోగానికో వెళ్లబోయేవాళ్లూ ఇది చదివి దాచుకోండి.

మ్యాప్‌లో చూస్తే ఈ బే సన్నగా గీసిన గీతలా ఉంటుంది. పొడవు సుమారు 24 కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోని కుదిపేసిన భూకంపం పుట్టిన శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ మీదే ఇది ఉంది. పడమటి పక్కన పాయింట్ రేయస్ కొండలు పసిఫిక్ అలలకి గోడలా అడ్డం నిలబడతాయి. అందుకే పొద్దున్నే చూస్తే మన ఊరి చెరువులా ఉంటుంది.

తిప్పలు వచ్చేది ఇక్కడే. కొండలు అలల్ని ఆపుతాయి, గాలిని కాదు. వేసవిలో మధ్యాహ్నం అయ్యేసరికి వాయవ్యం నుంచి గాలి లేస్తుంది. బే కూడా అటే చాచుకుని ఉంది కాబట్టి, గాలి గొట్టంలో ఊదినట్టు దూసుకొస్తుంది. పొద్దున అరగంటలో దాటిన నీళ్లు సాయంత్రం చుక్కలు చూపిస్తాయి. కాబట్టి శనివారం పొద్దున్నే దాటాలి, ఆదివారం పొద్దున్నే తిరిగి రావాలి. ‘లంచ్ చేసి బయల్దేరదాం’ అన్నారో, గాలికి ఎదురీదడమే.

ఇంకోటి, చలి. సముద్రం వైపు నీళ్లు ఎండాకాలంలోనూ సాధారణంగా 15 డిగ్రీల లోపే ఉంటాయి. ఇలాంటి నీళ్ల గురించి రెస్క్యూ ట్రైనింగ్‌లో 1-10-1 అని ఒక గుర్తు చెప్తారు. పడగానే ఎగశ్వాస వస్తుంది, దాన్ని అదుపు చేసుకోడానికి 1 నిమిషం. చేతులు మాట వినేది ఓ 10 నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. చేతులు మొద్దుబారాక ఎంత గజ ఈతగాడైనా ఈదలేడు. అందుకే లైఫ్ జాకెట్ కయాక్‌లో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. వెట్‌సూట్ అద్దెకి తీసుకోండి. బోల్తాపడ్డ కయాక్‌లోకి మళ్లీ ఎక్కడం ముందే ఒక క్లాసులో నేర్చుకోండి. అమెరికాలో సరదాగా నీళ్లలోకి దిగి మునిగిపోయిన మన విద్యార్థుల వార్తలు ఎన్ని చదివామో గుర్తుందిగా!

ఉత్తరం కొసన బే సముద్రంలో కలిసే చోటికి అసలు వెళ్లకండి. అక్కడ ఇసుక మేటల మీద అలలు ఉన్నట్టుండి విరుచుకుపడతాయి.

క్యాంపింగ్ పడమటి ఒడ్డు బీచ్‌లలో. పర్మిట్ తప్పనిసరి. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో దొరుకుతుంది, వీకెండ్‌లు త్వరగా నిండిపోతాయి. ఒడ్డున తాగునీళ్లు ఉండవు, మోసుకెళ్లాల్సిందే. చాలా బీచ్‌లలో టాయిలెట్ కూడా ఉండదు. పోర్టబుల్ టాయిలెట్ పట్టుకెళ్లి, అంతా వెనక్కి తేవాలి. చెత్తదీ అదే దారి. పులిహోర ఈ ట్రిప్‌కి బంగారం లాంటి తిండి, కానీ గట్టిగా మూసుకునే డబ్బాలో పెట్టండి. రకూన్లు మీకంటే ముందే భోంచేస్తాయి.

టెంటు వేసేముందు పోటు టైమింగ్స్ చూసుకోండి. పగలు వెడల్పుగా కనిపించిన ఇసుక రాత్రి పోటుకి సగం మాయమవుతుంది. కయాక్‌ని బాగా పైకి లాగి కట్టేయండి. లేకపోతే తెల్లారేసరికి మీరు ఇటు, అది అటు.

ఇన్ని జాగ్రత్తలకి బహుమతి ఏంటంటారా? వేసవి చివర్లో, వెన్నెల లేని రాత్రి నీళ్లలో చెయ్యి పెట్టి కదపండి. సూక్ష్మజీవులు నీలంగా మెరుస్తాయి. చేప కదిలితే ఒక గీత, వేళ్లు ఆడిస్తే నక్షత్రాల పొడి. ఇది ఫోన్ కెమెరాకి సరిగ్గా చిక్కదు, కళ్లతో చూడాల్సిందే.

చివరగా ఒక్క మాట. ఆదివారం పొద్దున్నే గాలి లేస్తే? ఆగిపోండి. దీనికోసమే ఒక పూట తిండి, నీళ్లు ఎక్కువ పెట్టుకోవాలి. సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి, ఆలస్యమైతే ఏం చేయాలో ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి వెళ్లాలి. సోమవారం పొద్దున మీటింగ్ మిస్సయితే మేనేజర్‌కి ఒక సారీ చాలు. గాలికి ఆ సారీలు తెలియవు.