నా మాటే వేదమైతే...

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న బడిలో వ్యాసం వ్రాసుకు రమ్మన్నారట: "నా అభిప్రాయం ఒకటి లోకమంతా ఒప్పుకుంటే?" ఏం వ్రాయమంటావని నన్నడిగింది. నేను గొంతు సవరించుకునే లోపలే వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: "మీ నాన్న అభిప్రాయం ఈ ఇంట్లో నెగ్గి ఎన్నాళ్లయిందో! లోకం దాకా ఎందుకే?"

అటువంటప్పుడు మౌనమే క్షేమం. చెప్పులు తొడుక్కున్నాను. వస్తూ పాల పాకెట్టు తెమ్మన్న మాట వెనకనుంచి వినబడింది.

బాగ్ లింగంపల్లి సుందరయ్య పార్కులో రెండు చుట్లు తిరిగేసరికి ఒక సంగతి తోచింది. ఒకరి అభిప్రాయం అందరిదీ కావడం వట్టి ఊహ కాదు, మన తెలుగులోనే జరిగింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలుండాలన్నారు. పండితులు మండిపడ్డారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. పంతులుగారు ఊరుకున్నారా? 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. గ్రాంథికవాదుల రచనల్లోనే వారి వ్యాకరణానికి నిలవని ప్రయోగాలు ఏరి చూపించారు. 1940లో ఆయన కన్నుమూసే నాటికి ఆ పోరు పూర్తిగా ముగియలేదు. ఇవాళో? మీరు చదువుతున్న ఈ ముక్క కూడా ఆయన గెలుపే. కాదనేవాడు కనబడడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. కాదనేవాడు లేకపోయేసరికి, వాడుకభాష అంటే ఎవరి వాడుక అని అడగడం మాలాంటి వాళ్లం మరచిపోయాం.

మాది కృష్ణా జిల్లా. ఇరవై ఏళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కుర్రవాడు వ్యాసంలో "మా అవ్వ యాదికొచ్చింది" అని వ్రాశాడు. ఎర్రసిరాతో 'యాది' కొట్టేసి 'జ్ఞాపకం' అని దిద్దాను. "మా అవ్వ జ్ఞాపకం అని ఎన్నడూ అనలే సార్" అన్నాడు మెల్లగా. నేను నవ్వి ఊరుకున్నాను. తమాషా ఏమంటే, యాది పారసీకం నుంచి వచ్చింది, జ్ఞాపకం సంస్కృతం నుంచి. రెండూ అరువు సొమ్మే! ఆ తరువాత అతని వ్యాసాల్లో తప్పులు లేవు. అవ్వ కూడా లేదు.

సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పాఠాలు వ్రాసిన పంతులుగారు ఆ ఎర్రసిరా చూస్తే ఏమనేవారో! బడి నేర్పే పలుకుకన్న జనం నోటి పలుకే భాష అని కాళోజీ వాదించింది ఇందుకే. ఆగస్టు 29 గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషాదినం. సెప్టెంబరు 9 కాళోజీ పుట్టినరోజు, 2014 నుంచి తెలంగాణ భాషాదినం. రెంటికీ నడుమ పట్టుమని పన్నెండు రోజులు లేవు. కాని మొదటి మాట విన్న నాకు రెండో మాట తలకెక్కడానికి ఏళ్లు పట్టింది.

కనుక నా మాట లోకమంతా ఒప్పుకునే రోజే వస్తే, కాదనడానికి ఒక్కడినైనా మిగల్చమని దేవుణ్ణి వేడుకుంటాను. వ్యాసంలో అదే వ్రాయమందామని ఇల్లు చేరాను.

మా అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఈ పేటలోనే. గుమ్మంలోనే నిలేసింది:

"అమ్మ పాలు తెమ్మన్నది కద, యాది మరిచినవా నాన్నా?"

నిజమే, మరిచాను. మారు మాటాడకుండా వెనుదిరిగాను.