బుట్ట అల్లే చేతికి గిట్టుబాటు ఏది?

తాడేపల్లి పక్కనే సీతానగరం. బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం కింద మన ఎరుకలోళ్లను కాపలాలో ఉంచిన సెటిల్‌మెంట్లలో అదొకటి. చట్టం 1952లో పోయింది. "దొంగల జాతి" అన్న మాట పోలేదు. ఆ మాట పడ్డ పిల్లాడి మనసు ఎలా నలుగుద్దో మనకు తెలుసు.

కళలు మనసుకు మేలు చేస్తాయని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 3,000కు పైగా అధ్యయనాలు చూసి చెప్పింది. వెదురు బద్దలు చీల్చి బుట్టలల్లే మన అవ్వలకు అది కొత్త కాదు. చెయ్యి పనిలో పడితే గుబులు తగ్గుద్ది. నలుగురు కూర్చుంటే మాట కలుస్తుద్ది.

కానీ ప్లాస్టిక్ టబ్బులొచ్చాక గంపకు గిరాకీ ఏది? అమ్ముడుపోని బుట్ట దిగులే పెంచుద్ది. అందుకే ఉత్త ఓదార్పు మాటలొద్దు. వెదురివ్వండి, ధరివ్వండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అవ్వ దగ్గర ఒక్క బుట్టైనా నేర్చుకోండి. మనసు మరీ బరువైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. అడగడం సిగ్గు కాదు.