పులికాట్ పడవలో కిరసనాయిలు స్టవ్వు

మార్గశిరము వచ్చినదనిన పులికాట్ సరస్సుపై తెల్లవారుజామున వీచు గాలి తడిసిన ఒంటికి వణుకు పుట్టించును. రొయ్యల వేట చాలవరకు రాత్రివేళనే సాగును గనుక, వల కాచుకొని కూర్చున్న జాలరికి ఆ గాలి తప్పదు. ఆ వేళ అతడు కోరునది పెద్ద భాగ్యమేమియు కాదు. గ్లాసెడు వేడి టీ. ఇల్లు దూరము, ఒడ్డునున్న టీ కొట్టు దూరము. నీటి నడుమ, కొయ్యపడవలో, గాలికి ఆరకుండ, పడవను కాల్చకుండ నిప్పు రాజవేయుట ఎట్లు? ఈ చిన్న ప్రశ్నకు మన పెద్దల కాలముననే జవాబు దొరకినది. దొరకిన ఆ జవాబును మనమిప్పుడు చేజార్చుకొనుచున్నాము.

ఈ సరస్సు స్వభావము తెలియనివారికి రెండు మాటలు. మన దేశములోని ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాతి స్థానము దీనిదే. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డుగా నిలిచి దీనిని సముద్రమునుండి వేరుచేయుచున్నది. కాళంగి, ఆరణి నదులు దీనిలో కలియును. సరస్సులో ఎక్కువ భాగము మన రాష్ట్రములోనిదే. సూళ్లూరుపేట, తడ ప్రాంతములు 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినవి. విస్తారమెంతయో లోతంత తక్కువ. పెక్కుచోట్ల గడవేసి పడవ నడుపవచ్చును. అట్టి నీటికి తగినది చిన్న పడవయే గాని వంటగది గల ఓడ కాదు. వలలు, చేపల బుట్ట, ఇద్దరు ముగ్గురు మనుష్యులు పోగా మిగిలిన జానెడు చోటిలోనే టీ కాగవలెను.

ఆ జానెడు చోటికి సరిపడునది పంపు స్టవ్వు. స్వీడన్ దేశస్థుడైన లిండ్‌క్విస్టు 1892లో దీనికి రూపము కల్పించెను. అంతకుముందు కిరసనాయిలు పొయ్యిలన్నియు ఒత్తితో మండి, పొగ చిమ్మి, గిన్నెలకు మసి పట్టించెడివి. ఇతడు ఒత్తిని తీసివేసెను. ఇత్తడి బుడ్డిలోనికి గాలి కొట్టగా నూనె పైకెగబ్రాకును. ముందుగా స్పిరిటుతో వేడిచేసిన గొట్టములో అది ఆవిరియగును. ఆ ఆవిరి సూదిబెజ్జమంత రంధ్రమునుండి చిమ్మి, గాలితో కలసి నీలిమంటయై హోరుమని మండును. గొట్టము చాలినంత వేడెక్కక మునుపే తొందరపడినచో ఆవిరికి బదులు నూనెయే పైకి చిమ్మి పచ్చని మంట లేచును. రంధ్రమున నలుసు పడినచో పిన్నుతో పొడువవలెను. ఇంతకుమించి దీనిలో మర్మమేమియు లేదు. 1953లో ఎవరెస్టు శిఖరమెక్కు దినమున తెల్లవారుజామున, కడపటి గుడారములో హిల్లరీ గడ్డకట్టిన తన బూట్లను మెత్తబరచుకొన్నది ఇట్టి స్టవ్వు మంటమీదనే; ఆయనయు టెన్సింగును త్రాగిన పానీయములకు మంచు కరగించినదియు అదియే. అంతటి ఎత్తున పనికివచ్చిన వస్తువు మన సరస్సుమీద పనికిరాదనుట ఎట్లు?

ఇది లేనినాడు కట్టెలే గతి. శ్రీహరికోట అడవి కట్టెలు ఒకప్పుడు బకింగ్‌హాము కాలువ మీదుగా పడవలలో మద్రాసు పొయ్యిలకు తరలిపోయెడివి. పట్టణపు పొయ్యి కొరకు ఒక దీవి ఎంత అడవిని అర్పించినదో తలచుకొన్నచో, టీనీళ్లకై మరల కట్టె నరుకుడనుట ఎవరికిని నోరు రాదు. పైగా పడవలో తడి కట్టె పొగయే గాని మంటనీయదు.

మరి కిరసనాయిలు ఏమైనది? 1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో కేంద్రమువారి ఉజ్జ్వల పథకము వచ్చి పేదయింటికి గ్యాసు చేర్చినవి. పొగలో కన్నులు పోగొట్టుకొన్న ఇల్లాండ్రకు అది మేలుచేసిన మాట నిజము; కాదనువాడు ఏనాడును ఊదుగొట్టము పట్టనివాడు. చౌకగా ఇచ్చిన నూనె దారితప్పి డీజిలులో కలియుచున్నదన్న ఫిర్యాదును అబద్ధము కాదు. అందుచేత కేంద్రము రాయితీని క్రమముగా తగ్గించి 2020 నాటికి లేకుండజేసినది. నీలిరంగు కిరసనాయిలు చౌకడిపోలనుండి మరుగైనది. లెక్క సరిపోయినది, ఇంటి వరకు. పొయ్యి యనిన వంటగదిలోనే యుండుననుకొన్నవారి లెక్క అది. జాలరి సగము బ్రదుకు ఇంటిలో గడువదు. ఆ సగమును కాగితముమీద ఎక్కించినవారు లేరు.

గ్యాసునే పడవలోనికి తీసికొనిపోరాదా యని కొందరందురు. పదునాలుగు కిలోల పైచిలుకు గ్యాసు, దానికి తోడు ఇనుప బండ బరువు సంగతి అటుంచుడు. చిన్న బండలు ఉన్నవి గదా యనినను, ఆ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక పడవ అడుగున నిలుచును. బీడీ ముట్టించువానికి అది కనబడదు. పెట్రోలు ఆవిరియు అట్టిదే. స్పిరిటు శుభ్రమైనదే కాని, దాని మంట పగటి వెలుతురున కంటికానదు. ఆరినదనుకొని మరల పోసినవాని చేయి కాలును. కిరసనాయిలుతో సమానమైన తూకమునకు అది ఇచ్చు వేడియు మూడింట రెండు వంతులకు మించదు. మామూలు ఎండకు ఆవిరియై అంటుకొనని కిరసనాయిలే వీనిలో పడవకు తగినది. గాలికి రేకు అడ్డము పెట్టి, వెలుగుచున్న స్టవ్వులో నూనె పోయకున్న చాలును.

స్టవ్వుకు చెడ్డపేరు వచ్చినమాట నిజమే. ఒక కాలమున ‘స్టవ్వు పేలి కోడలి మృతి’ అను వార్త లేని పత్రిక అరుదు. అత్తలు కాలక, మామలు కాలక, కోడండ్రే ఏల కాలిరని దేశము ఆలస్యముగా నడిగినది; 1986లో వరకట్న మరణమును శిక్షాస్మృతిలో వేరు నేరముగా చేర్చవలసివచ్చినది. మనుష్యులు చేసిన పాపమును మూగ ఇత్తడి బుడ్డి చాలకాలము మోసినది. ఆ భయముతోనే దానిని ఇప్పటికిని దూరముంచువారు ఈ సంగతి తలపోయవలెను.

చిత్రమేమనగా, అదే స్టవ్వు ఇప్పుడు వేడుకగా తిరిగివచ్చుచున్నది. రాజహంసలను, నేలపట్టు గూడబాతులను చూడవచ్చు యాత్రికులకై సూళ్లూరుపేటలో 2001 నుండి ఫ్లెమింగో పండుగ పేర తిరునాళ్లు వెలసినది. ఆరుబయట విడిదిచేయు సరదా గలవారు కొందరు అరచేత ఇముడునట్టి, కాళ్లు మడచి సంచిలో పెట్టుకొనదగిన విదేశపు స్టవ్వులను వేలు పోసి కొని, కాఫీ కాచుకొని ఆనందింతురు. ఎండుకంపలు విరిచి మంట వేయుటకంటె అది వేయిరెట్లు మేలు, పక్షులకును మేలే. కాని వినోదమునకు దొరకు వస్తువు అవసరమునకు దొరకకుండుట మాత్రము చూడ సొంపుగా లేదు.

కోరవలసినది కొండంత కాదు. పంపు స్టవ్వు గంటకు ఇంచుమించు పావులీటరు నూనె త్రాగును. రాత్రికి పావుగంట మండించినచో నెలకు రెండు లీటర్ల లోపే. మరపడవలకు డీజిలుపై రాయితీ ఇచ్చుట ప్రభుత్వమునకు కొత్త కాదు. గడపడవవానికి ఆ రాయితీతో పనిలేదు. అతనికి ఈ రెండు లీటర్లను మత్స్యకారుల సహకార సంఘముల ద్వారా, పడవకింతయని వ్రాసి ఇచ్చినచో దారితప్పునంత నూనెయు అందులో నుండదు. నూనెతోపాటు పిన్నులు, తోలు వాషర్లు కూడ సంఘములోనే అమ్మవలెను. బజారులలో స్టవ్వు బాగుచేయువాడు కనబడుట అరుదైపోయినది. అటకమీద మూలబడిన స్టవ్వులు ఇంకను కొన్ని ఇండ్లలో ఉన్నవి. వాషరు ఎండిపోయినచో ఎంత కొట్టినను గాలి ఎక్కదు. రెండు చుక్కల నూనె రాసి, తోలును వ్రేళ్లతో విప్పారునట్లు ఒత్తి మరల బిగించినచో పంపు పట్టును.