పొయ్యి చెప్పెడి సంగతి

ఒక యింటి స్థితిగతులను తెలిసికొనుటకు ఆ యింటి వీధిగుమ్మమును గాక వంటయింటిని చూడవలెనని నా అభిప్రాయము.

మా హరిశ్చంద్రపురము మొదలుకొని ఉద్దానపు తీరము వరకు పూర్వము వంటచెరకును కొనువారు అరుదు. కొబ్బరి మట్టలు, డొక్కలు, జీడితోటలలో రాలిన పుల్లలు, పిడకలు పొయ్యిలోనికి పోయెడివి. ఇదియంతయు ఉచితమని అందరును అనుకొనెడివారు. తెల్లవారకమునుపే తోటకు పోయి, మోపు కట్టి, నెత్తిన మోసికొని వచ్చి, ఊదుగొట్టముతో ఊది కన్నులు ఎర్రచేసికొనెడి తల్లి శ్రమకు మాత్రము ఎవ్వరును వెల కట్టలేదు. ఆ పొగ కన్నులతో ఆగునదియు కాదు. ఇండ్లలోని పొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

గ్యాసు పొయ్యి చాలకాలము ఉద్యోగుల యిండ్లలోని వస్తువు. 1999లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'దీపం' పథకమును ప్రారంభించి, పొదుపు సంఘములలోని పేద స్త్రీల పేర ధరావతు తానే చెల్లించి కనెక్షనులు ఇప్పించెను. ఇల్లు, పొలము, బండి పురుషుల పేర నుండగా గ్యాసు పుస్తకము ఆమె పేర వచ్చెను. ఇది చిన్న మార్పు కాదు. అయినను పుస్తకము ఆమెది, డబ్బు సంచి మరియొకరిది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిన పిదప ఈ సంగతి బయటపడెను. కొబ్బరిచెట్లు కూలెను, జీడిచెట్లు వేళ్లతో లేచిపోయెను. కొబ్బరి మొక్క నాటినచో కాపునకు ఐదారేండ్లైనను పట్టును. రాబడి పోయిన యింట మొదట దేనిని తగ్గింతురు? మగవారి చుట్టలు తగ్గుట నేను చూడలేదు. పెండ్లి చదివింపులు తగ్గుటయు చూడలేదు. సిలిండరు మాత్రము మూలకు చేరెను. కూలిన చెట్లు కావలసినన్ని యుండెను గదా!

"ఏమమ్మా, మరల కట్టెల పొయ్యి వెలిగించితివి?" అని ఒకామెను అడిగితిని.

"కట్టెకు డబ్బు ఇయ్యనక్కరలేదు గదా, మాస్టారూ!" అనెను. మోపు మోసిన ఆమెయే ఆ మోతను లెక్కింపలేదు.

గ్యాసుపై వండిన కూరకు రుచి లేదనువారును కలరు. వారిలో పొయ్యి ఊదినవారిని నేను ఒక్కరినైనను ఎరుగను.

2024 నవంబరు 1న 'దీపం-2' మన జిల్లాలోనే, ఇచ్ఛాపురము మండలము ఈదుపురమున ప్రారంభమయ్యెను. అర్హులైన కుటుంబములకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చుట ఆ పథకము. మంచిదే. అయితే ఐదుగురున్న యింట ఒక సిలిండరు నెలకో, నెలన్నరకో అయిపోవును. మూడింటితో మూడు మొదలు నాలుగున్నర నెలలు గడచును. నాలుగవ సిలిండరు తెప్పింతురా, అమ్మను మరల తోటకు పంపుదురా? బాలబాలికలారా, మీ యింట ఆ మాట వచ్చినపుడు దానిని ఎవరు తేల్చుచున్నారో వినుడు.