జీవశాస్త్రము చదువగోరు బాలికకు ఏ కళాశాల?



మా పొరుగింటి బాలిక ఇంటరు పరీక్షయందు జీవశాస్త్రమున మంచి మార్కులు తెచ్చుకొనెను. వైద్యకళాశాలలో మాత్రము ప్రవేశము దొరకలేదు. తల్లి నాలుగు దినములు కన్నీరు పెట్టెను. అంతలో బాలిక, తనకు మందులకంటె పిట్టలును, చెట్లును, అవి యొకదాని నొకటి యాశ్రయించి బ్రదుకు తీరును నేర్చుకొనవలెనని యున్నదని చెప్పుటతో ఆమె దుఃఖము రెట్టింపయ్యెను. “అడవులు పట్టుకొని తిరుగు చదువు ఆడపిల్లకేల వదినా?” యని నాకడ మొరపెట్టుకొనెను.

ఆ చదువునకు జీవావరణశాస్త్రమని పేరు. 1866లో జర్మనీదేశపు పండితుడు ఎర్నెస్టు హెకెలు దీనికి ‘ఈకాలజీ’ యని నామకరణము చేసెను. అందలి గ్రీకుపదమునకు ‘ఇల్లు’ అని యర్థము. ఏ ప్రాణి యెచ్చట నివసించునో, ఏమి తినునో, దేనితో పొత్తో, దేనితో వైరమో విచారించు విద్య యిది. ఇల్లు నడుపు మనకిది పరాయి విద్య యెట్లగును?

ఇక కళాశాల మాట. తండ్రులు జీతమెంత యని యడుగుదురు. తల్లులము వసతిగృహమున భోజన మెట్లుండునని యడుగుదుము. రెండును అడుగవలసినవే. కాని సంవత్సరమునకు ఎన్ని దినములు విద్యార్థులను బయటికి గొనిపోవుదురని యడుగువారు లేరు. కాకినాడకు చేరువనే కోరింగ మడ అడవులున్నవి. పులికాటు సరస్సునకు శీతకాలమున ఫ్లెమింగో పక్షులు వచ్చును. వానిని బొమ్మలలో మాత్రమే చూపు పెద్ద కళాశాలకంటె, నెలకొకసారి చెరువుగట్టునకు పిలుచుకొనిపోయి, చూచినదానిని లెక్కవ్రాయించు ఉపాధ్యాయుడున్న చిన్న కళాశాల మేలు. అట్టివారున్నారో లేరో రెండవయేటి విద్యార్థినుల నడిగిన తెలియును. కార్యాలయమువారి మాట నమ్మి ఫలము లేదు.

2015లో ప్రారంభమైన తిరుపతి ఐసరు సంస్థ శ్రీకాళహస్తి సమీపమున ఏర్పేడునందున్నది. అచ్చట ఐదేండ్ల చదువు. ప్రవేశపరీక్షలో జీవ, రసాయన, భౌతికశాస్త్రములతోపాటు గణితమును ఉండును. బై.పి.సి. బాలికల కిదియే చిక్కు. జీవశాస్త్రము తీసికొన్నచో లెక్కల పీడ వదలునని మనమే వారికి చెప్పియుంటిమి! అడవిలోని లేళ్ల నన్నింటిని ఎవరు లెక్కింపగలరు? కొన్నిచోట్ల చూచి మొత్తము అంచనా కట్టుటకు గణాంకశాస్త్రము కావలెను.

అచ్చట దొరకకున్న విచారము వలదు. ఇంటికి దగ్గరనే జంతుశాస్త్రముతోనో, వృక్షశాస్త్రముతోనో పట్టము పొంది, పైచదువునకు పుదుచ్చేరి విశ్వవిద్యాలయమునకుగాని, డెహ్రాడూనులోని వన్యప్రాణి సంస్థకుగాని ప్రయత్నింపవచ్చును. ఖర్చును కొంత తగ్గును.

అడవికి పోవునపుడు అధ్యాపకురాలు వెంటనుండునా, రాత్రి బస యెచ్చట అని తల్లి తప్పక విచారింపవలెను. విచారించుట వేరు, వలదనుట వేరు. 1897లో తలచేరిలో పుట్టిన జానకి అమ్మాళ్ సముద్రము దాటిపోయి, 1931లో మిచిగను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. వృద్ధాప్యమున, సైలెంట్ వ్యాలీ యడవిని ముంచు జలవిద్యుత్పథకము నెదిరించినవారిలో ఆమెయు నొకతె. ఈ సంగతి చెప్పగా మా పొరుగింటామె, “ఆవిడ పెండ్లి చేసికొన్నదా?” యని యడిగెను. లేదంటిని. అబద్ధమాడ నేల?

వచ్చు సంవత్సరపు పరీక్షకై మావారు ఆ బాలికకు సాయంకాలములందు గణితము చెప్పుచున్నారు. తల్లి యింకను మనస్ఫూర్తిగా నొప్పుకొనలేదు. నిన్న మాత్రము వచ్చి, ఏర్పేడులో రైలు నిలుచునా యని అడిగి పోయెను.