చెక్క పడవకు వాన నీరే శత్రువు

చెక్క పడవను పాడుచేసేది సముద్రమేనని సామాన్యంగా అందరూ తలుస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. కొయ్యను కుళ్ళబెట్టే బూజుకు ఉప్పు గిట్టదు. 19వ శతాబ్దంలో అమెరికాలోని నౌకానిర్మాతలు ఓడ పక్కటెముకల నడుమ రాతి ఉప్పును కూరేవారంటే కారణం ఇదే. కాని పెరటిలో వెల్లకిలా వదిలేసిన పడవలో నిలిచిన వాన నీరు కొద్ది సంవత్సరాలలోనే దానిని తినివేస్తుంది.

ఈ సత్యం బ్రిటన్‌లోని ‘మిర్రర్’ పడవల యజమానులకు బాగా అనుభవమైనది. 1963లో డెయిలీ మిర్రర్ దినపత్రిక ప్రోత్సాహంతో ఈ చిన్న తెరచాప పడవ వెలువడింది. పడవల రూపశిల్పి జాక్ హోల్ట్, టెలివిజన్‌లో ఇంటి మరమ్మతులు నేర్పిన బారీ బక్‌నెల్ దీనిని రూపొందించారు. పొడవు సుమారు 11 అడుగులు. బరువు 45 కిలోలు. విడిభాగాల ధర ఆనాడు 63 పౌన్ల 11 షిల్లింగులు. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో బట్ట కుట్టినట్లు కుట్టి, అతుకులమీద గాజునార పట్టీని రెసిన్‌తో అంటించడమే ఇందులోని కిటుకు. వడ్రంగం ఎరుగని గృహస్థు సైతం ఇంటివద్దనే పడవ కట్టుకోగలిగాడు. ఇలాంటివి 70,000కు పైగా తయారైనవి. 1990 దశకంలో ఎ.జె. మాకినన్ అనే ఉపాధ్యాయుడు ఇటువంటి పడవలోనే ఇంగ్లండు నుండి నల్లసముద్రం దాకా ప్రయాణించాడు.

తొలి పడవలకు ఇప్పుడు అరవై ఏళ్ళు దాటినవి. వాటిని తిరిగి నీటిలోకి దింపదలచిన వారికి మొదట తోచేది కొత్త రంగు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. చెక్కలో తేమ సుమారు 20 శాతం మించితే బూజు బలుస్తుంది. తడి ఆరని చెక్కమీద వేసిన రంగు ఆ తేమను లోపలే బంధిస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అక్షరాలా నిజమవుతుంది.

కనుక పడవను నీడలో, గాలి తగిలేచోట బోర్లించి కొన్ని వారాలు ఆరనివ్వాలి. తరువాత ఉలి పిడితో అంగుళం అంగుళం తట్టి చూడాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది. కుళ్ళినది మొద్దుగా పలుకుతుంది. మెత్తబడిన భాగాన్ని జాలి లేకుండా కోసివేసి, కొత్త ముక్క అతకాలి.

పాత రంగులో సీసం ఉండవచ్చు. దానిని కాల్చరాదు, పొడిగా రుద్దరాదు. ముక్కుకు తగిన ముసుగు ధరించి, తడిపి రుద్దాలి. ప్లైవుడ్ పైపొర అతి పలుచన. అత్యుత్సాహంతో రుద్దితే అడుగు పొర బయటపడుతుంది. గరుకు కాగితం ఎప్పుడూ చెక్క చార వెంటనే నడవాలి.

చెక్క మళ్ళీ పూర్తిగా ఆరిన తరువాతనే పూత. వార్నిష్ తొలి పూతను బాగా పలుచన చేసి చెక్కకు పట్టించాలి. ఆపైన ఐదారు పూతలు, పూతకూ పూతకూ మధ్య తేలికపాటి రుద్దుడు అవసరం. ఒక మందపు పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. ఉదయం మంచు ఆరినాక పని మొదలుపెట్టి, సాయంకాలపు చెమ్మ దిగకముందే ముగించాలి.

పడవ లోపలి భాగానికి రంగుకంటె వార్నిష్‌ను ఎంచుకొనే వారు చాలామంది. వార్నిష్ కింద నల్లమచ్చ పుట్టితే వెంటనే కంటబడుతుంది. రంగు దానిని దాచివేస్తుంది. జబ్బును దాచే అందంకంటె, చూపే అందమే పడవకు ఆయుస్సు.

ఇంత శ్రమా నిలవాలంటే చివరి జాగ్రత్త ఒకటి ఉన్నది. పడవను తేలియాడించే గాలి గదుల మూతలను ఒడ్డుకు చేరగానే తెరిచి ఉంచాలి. మూసిన గదిలో మిగిలిన గ్లాసెడు నీరు, పై పూత ఎంత మెరిసినా, తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.