తట్ట మాకు, నోటుబుక్కు మీకా?

చరిత్రను తవ్వేది ఎవరు? రాసేది ఎవరు?

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల వాడపిల్లలం మేము. తవ్వకం నేర్పుతమంటే ఒక పురావస్తు శిక్షణకు పోయినం. మేకులు కొట్టి, తాడు కట్టి, చదరం చదరంగా తవ్వాలె. మట్టి రంగు మారిన కాడ ఆగాలె. తీసిన మట్టిని జల్లెడ పట్టాలె. పెంకు ఏ పొరల దొరికిందో చీటీ రాసి సంచికి కట్టాలె. మంచి చదువే, కాదనం.

కానీ మూడో రోజుకే ఊరు, వాడ వేరుపడ్డయి. నోటుబుక్కు, కెమెరా వాళ్ల చేతికి. పార, తట్ట మా చేతికి. ‘మీకు అలవాటే గదా!’ అన్నరు. ఆ అలవాటు చేసింది ఎవరు? కూలికొచ్చిన మా పెద్దమ్మ ఒకామె మెత్తటి మన్ను చూడంగనే ‘ఇక్కడ గుంత తీసి పూడ్చిండ్రు’ అన్నది. అట్లనే తేలింది. ఆ మాట రాసుకున్నరు, ఆమె పేరు రాసుకోలేదు. 1944లో తక్షశిల శిక్షణ బడిలో మన విద్యార్థులకు ఈ పద్ధతి నేర్పింది వీలర్ దొర. పద్ధతి దొరది, పని పంపకం మనువుది!

శామీర్‌పేటకు దగ్గర్లనే కీసరగుట్ట ఉన్నది. 1970లలో అక్కడ తవ్వితే విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడాలు బయటపడ్డయి. బళ్లె మాకు చెప్పింది మాధవవర్మ అశ్వమేధాలు. ఆ గుట్ట బండ మీద 5వ శతాబ్దం నాటిదని పండితులు చెప్పే తెలుగు మాట ఒకటున్నది: తొలచువాన్ఱు. అంటే రాయి తొలిచెటోళ్లు. తెలంగాణ గడ్డ మీద తొలి తెలుగు రాతల్లో ఒకటి రాజు పేరు కాదు, దేవుని పేరు కాదు, కష్టజీవుల పేరు! 1500 ఏండ్ల కింద బండ మీద దొరికిన చోటు ఇయ్యాళ రిపోర్టు కాగితం మీద దొరకదా?

మౌలాలి, హష్మత్‌పేటల ఇనుప యుగం సమాధులున్నయి. ఇట్లాంటివాటిని ‘రాక్షస గుళ్లు’ అంటరు. ఇనుము కరిగించినోళ్లు, కుండ చేసినోళ్లు రాక్షసులెట్లయితరు?

మేము అడిగేది దానం కాదు. శిక్షణల పార అందరికీ, నోటుబుక్కు అందరికీ వంతులవారీగా ఇయ్యాలె. తవ్వినోళ్ల పేర్లు, ఊర్లు రిపోర్టుల అచ్చు కావాలె. ఏం దొరికిందో ఊరికీ వాడకూ తెలుగుల చెప్పాలె.

అక్కలారా, అన్నలారా! మీ చెలకల పెద్ద రాళ్లు గుండ్రంగ పేర్చి ఉంటే ప్లాట్లోళ్ల మిషను రాకముందే పిల్లలకు చూపించుండ్రి, పంచాయతీల రాయించుండ్రి. అవి రాక్షసులవి కావు. పనిచేసి బతికినోళ్లవి.